తాడుకి అవతలి చివర

మా పడగ్గదికి లైటున్న సీలింగ్ ఫ్యాను కొన్నాం. ఎలక్ట్రీషియన్ పాత ఫ్యాను దించి, కొక్కెం దగ్గర వైర్లు చూసి, "రెండే ఉన్నయి సార్. లైటుకు ఇంకో వైరు గుంజాలె" అన్నాడు. ఉన్నవాటికే లైటు కూడా కలిపితే ఫ్యాను ఆపినప్పుడల్లా లైటూ ఆరిపోతుంది. పైపులోంచి కొత్త వైరు లాగడానికి అతను స్టూలెక్కాడు. వెంట వచ్చిన కుర్రాడు గోడకి అవతల, హాల్లో స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్నాడు.

ఈలోగా నేను కొత్త ఫ్యాను ముందేసుకుని కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతుంటే దాని కిందున్న లైటు ఎందుకు తిరగదు? ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి ఎవర్నీ అడగలేదు. విప్పి చూస్తే జవాబు సులువే. రాగితీగ చుట్టిన భాగం మధ్యలో కదలకుండా ఉంటుంది. రెక్కలు బిగించిన బయటి గుల్ల దాని చుట్టూ తిరుగుతుంది. కదలని ఆ నడిమి భాగం గుండానే వైర్లు దించి లైటు తగిలిస్తారు. లైటు రెక్కలకి పైనుంటే గదంతా నీడలు గిర్రున తిరుగుతాయి, కిందుంటే ఆ గొడవ లేదు.

ఈ జోడీ ఇవాల్టిది కాదు. ఫిలిప్ డీల్ అనే జర్మన్ వలసదారు అమెరికాలో సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో పనిచేసేవాడు. 1880ల్లో కుట్టుమిషన్ మోటారుకి రెక్కలు తగిలించి పైకప్పుకి వేలాడదీశాడు. తర్వాత దానికి దీపాన్నీ జోడించాడు. అతని ఫ్యాక్టరీ ఉన్న న్యూజెర్సీలోనే ఇప్పుడు బోలెడంతమంది తెలుగువాళ్ళు అలాంటి ఫ్యాన్ల కిందే నిద్రపోతున్నారు.

ఫ్యాను చరిత్ర అంటే సాధారణంగా చెప్పే కథ ఇదే. కానీ మన పెద్దవాళ్ళు ఇప్పటికీ వాడే 'పంకా' అనే మాట పట్టుకు వెళ్తే దారి ఇంకోవైపు తిరుగుతుంది. విసనకర్ర మన చేతిలో ఉండేది. వింజామర ఎదుట నిలబడ్డవాళ్ళ చేతిలో ఉండేది. దొరల బంగళాల్లో, కోర్టుల్లో వేలాడిన పంకా అలా కాదు. పొడుగాటి చెక్క చట్రం, దానికి గుడ్డ, గుడ్డకి కుచ్చులు. దానికి కట్టిన తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి వెళ్ళేది. అక్కడ ఒక మనిషి కూర్చుని లాగేవాడు. రాత్రిళ్ళయితే వెల్లకిలా పడుకుని, తాడు కాలికి కట్టుకుని లాగేవాడు. గాలి లోపల, మనిషి బయట. ఆ రోజుల్లో రెగ్యులేటరంటే తిట్టే.

తిట్టుతో ఆగని సందర్భాలూ ఉన్నాయి. నిద్రలోకి జారిన పంకా కూలీలను సోల్జర్లు కొట్టడం, కూలీలు చనిపోవడం కోర్టులకెక్కింది. అప్పుడు తరచుగా వినిపించిన వాదన ఒకటుంది: మలేరియా వల్ల ఇతని ప్లీహం ముందే ఉబ్బి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది, కొట్టినవాడి తప్పేముంది? ఆ వాదన చాలామందిని స్వల్ప శిక్షతో బయటపడేసింది.

ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఒక లెక్క ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా ఒళ్ళొంచి పనిచేస్తే ఇవ్వగలిగే శక్తి సుమారు 75 వాట్లు. మామూలు సీలింగ్ ఫ్యాను తినే కరెంటూ ఇంచుమించు అంతే. చదువుకునే రోజుల్లో ఈ రెండు అంకెలూ నాకు తెలుసు, పక్కపక్కన పెట్టి చూడలేదంతే. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లకి 30 వాట్లు చాలు. వాటితో కరెంటు బిల్లెంత తగ్గుతుందో లెక్కేసుకుంటాం. మొదటి ఫ్యానుతో తగ్గింది ఒక మనిషి పని.

కలకత్తాలో 1899లో కరెంటు కంపెనీ సరఫరా మొదలుపెట్టింది. పెద్ద నగరాల్లో ఫ్యాన్లు మొదలయ్యాయి. చిన్న ఊళ్ళలో తాడు ఇంకా చాలా ఏళ్ళు కదులుతూనే ఉంది. 1924లో వచ్చిన ఇ. ఎం. ఫార్‌స్టర్ నవల 'ఎ పాసేజ్ టు ఇండియా' కోర్టు సన్నివేశంలో కూడా పంకా లాగేవాడున్నాడు. విచారణ తలకిందులై, అందరూ వెళ్ళిపోయాక కూడా అతను లాగుతూనే ఉంటాడు. మొదటిసారి చదివినప్పుడు నేనతన్ని కోర్టు సామానులో ఒకటిగా దాటేశాను. తాడు పోయినందుకు విచారించేదేమీ లేదు, పోవాల్సిందే. కాకపోతే దానికి రెండో చివర ఉండేదన్న సంగతి కూడా తాడుతోపాటే పోయింది.

"తమ్మీ, గుంజు!" అన్నాడు స్టూలు మీదున్నాయన. గోడ అవతలి నుంచి వైరు కదిలింది. "ఆగు... మళ్ళ గుంజు." పావుగంటలో ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది. ఎలక్ట్రీషియన్‌కి ఫోన్‌లో డబ్బులు పంపాను. నేను హాల్లోకి వచ్చేసరికి కుర్రాడు పాత ఫ్యాను భుజానేసుకుని మెట్లు దిగుతున్నాడు. అతను కూర్చున్న మూల మా హాలు ఫ్యాను గాలి తగలదు.