నవలలో ఉత్కంఠ

బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లినవారెరుగుదురు: అమ్మవారు వీథిలో నిలుచున్నవారికి కనబడదు. భూమట్టమునకు దిగువన వెలసిన తల్లి; దిగిన గాని దర్శనము లేదు. కథకుడు చేయు పనియు నిట్టిదే. దాచినాడని చదువరి కోపగింపడు. దిగుటకు మెట్లు సరిగా కట్టనినాడు మాత్రము తప్పక కోపగించును.

ఈ మెట్లపని తెలిసిన మన వారిలో మొదట పేర్కొనదగినవాడు 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన. ఆయన కళాపూర్ణోదయము పద్యకావ్యమే గాని, నడక నవలది. కళాపూర్ణుడు నాయకుడు, కాని కథ చాల దూరము నడచువరకు ఆయన పుట్టనే పుట్టడు! ద్వారకలోని కలభాషిణి, నారదశిష్యుడైన మణికంధరుడు, సింహము నెక్కి తిరుగు మణిస్తంభుడు, వీరి చిక్కులు ఒకదానిలో నొకటి పెనవేసికొనును. ఒకచోట ఇద్దరు రంభలు ఎదురుపడి కలహింతురు. ఎవరు నిజము, ఎవరు మాయ? ఓపిక పట్టవలసినదే. ఈ ముడులను తుదకు విప్పునది ఎవరో పండితుడు కాదు, మధురలాలస యను పసికందు. పూర్వము బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే ఇదంతయు నని ఆ బిడ్డ నోట వినునప్పుడు మనము పుటలు వెనుకకు త్రిప్పుదుము. కారణములన్నియు అక్కడనే, మన కన్నుల యెదుటనే యున్నవి. ఉత్కంఠకు రెండవ పఠనమే గీటురాయి యని మా అభిప్రాయము. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914 నాటి కవిత్వతత్త్వ విచారములో ఈ కథానిర్మాణమును విశేషముగా మెచ్చుకొనుట వింత కాదు.

పత్రికలు వచ్చిన తరువాత ఉత్కంఠకు తేదీ ఏర్పడినది. 1868లో విల్కీ కాలిన్స్ రచించిన మూన్‌స్టోన్ డికెన్స్ నడపిన వారపత్రికలో వెలువడెను. పదేండ్లకు, 1878లో, వీరేశలింగం పంతులు గారు రాజశేఖర చరిత్రమును వివేకవర్ధనిలో భాగములుగా ప్రకటించిరి. ఇక సీరియలుకు ఒక దుర్గుణము పట్టుకొన్నది. అర్ధరాత్రి తలుపు చప్పుడు, తరువాయి వచ్చే వారము; తీరా చూతుము గదా, వచ్చినవాడు పక్కింటి బాబాయి! ఇది మెట్టు కాదు, గోతి. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను ఇంటింట చదివిరన్నచో, ఆధారములను చదువరితో పంచుకొనుటయే అందుకు ముఖ్యకారణమని తలచెదము.

దాచకయే ఉత్కంఠ పుట్టింపవచ్చును. 1980 ప్రాంతమున ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళము ఇందుకు సాక్షి. పసిపిల్ల తులసికి ఆపద ఎటనుండి వచ్చునో చదువరికి ముందే తెలియును, తల్లిదండ్రులకు తెలియదు. వైద్యులొక మాట, మంత్రగాండ్రొక మాట చెప్పుచుందురు, దినములు తరుగుచుండును. సూరన చదువరిని తెలియనితనములో నిలిపెను. ఇచట చదువరి తెలిసియు చెప్పలేక, వారమంతయు ఆ తల్లిదండ్రులకంటె ఎక్కువగా కలవరపడెను.