ఆడవాళ్లు చెప్పుకోని జబ్బుకు ఒక చరిత్ర



ఇంతవరకు మేము రాసినవన్నీ మనవాళ్ల వలసల గురించి, గుళ్ల గురించి, రైలు మార్గాల గురించి. ఈసారి విషయం వేరు. కాన్పుల తర్వాతో, వయసు పైబడ్డాకో చాలామంది ఆడవాళ్లకు దొడ్డికి ఆపుకోవడం కష్టమవుతుంది. గ్యాస్ అదుపులో ఉండదు. తుమ్మితే మూత్రం పడుతుంది. కొందరికి గర్భసంచి కిందికి జారుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పరు. పెళ్లికి పిలిస్తే మోకాళ్ల నొప్పి అంటారు. రిజర్వేషన్ కౌంటర్లో ఏళ్ల తరబడి కూర్చున్నాం కదా, మరుగుదొడ్డి పక్కనే బెర్తు కావాలని గొంతు తగ్గించి అడిగిన పెద్దమ్మలను ఎంతోమందిని చూశాం.

ఈ జబ్బు చరిత్ర చదివితే ఒక సంగతి తెలుస్తుంది. వైద్యం లేక ఆడవాళ్లు బాధపడింది ఒక ఎత్తు, ఎవరూ అడగక బాధపడింది ఇంకొక ఎత్తు.

ముందు శరీరం సంగతి. నడుము ఎముకల అడుగున, బిడ్డకు ఉయ్యాల కట్టిన చీరలాగా కొన్ని కండరాలు ఉంటాయి. వాటినే డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు. మూత్రాశయం, గర్భసంచి, పేగు చివరి భాగం, మూడింటినీ మోసేది ఆ చీరే. మలద్వారం చుట్టూ రెండు కండరాల వలయాలు ఉంటాయి. లోపలిది తనంతట తాను పనిచేస్తుంది, బయటిది మనం బిగిస్తే బిగుస్తుంది. కాన్పులో ఈ చీర సాగుతుంది, వలయం చిరగవచ్చు, నరం దెబ్బతినవచ్చు.

ఇది కొత్త జబ్బు కాదు. ఈజిప్టులో దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి హెన్‌హెనిత్ అనే రాజవంశపు స్త్రీ మమ్మీని పరీక్షిస్తే, మూత్రాశయానికీ యోనికీ మధ్య పెద్ద రంధ్రం కనబడింది. రోజుల తరబడి నొప్పులు పడి బిడ్డ తల అడ్డుపడితే, ఒత్తిడికి లోపలి గోడ చచ్చిపోయి ఇలాంటి రంధ్రం పడుతుంది. పేగు వైపు పడితే మలం కారుతుంది. దీన్ని ఫిస్టులా అంటారు.

దీనికి ఆపరేషన్ కనిపెట్టిన కథ బాధ పెట్టే కథ. అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో 1845 నుంచి 1849 వరకు మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస స్త్రీల మీద ప్రయోగాలు చేశాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే మూడు పేర్లు మిగిలాయి. మత్తు ఇవ్వలేదు. అనార్కాకు 30వ ఆపరేషన్‌లో వెండి తీగతో కుట్టాక రంధ్రం మూసుకుంది. వైద్యం ముందుకు పోయింది, కానీ నీకు ఇష్టమేనా అని వాళ్లను అడిగి చేసింది కాదు. న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఉన్న సిమ్స్ విగ్రహాన్ని 2018లో తీసేశారు.

ఇక మన మద్రాసుకు వద్దాం. ఆ కాలంలో గోషా ఇళ్లలోని స్త్రీలు ప్రాణం పోయినా మగ డాక్టరుకు చూపించుకునేవారు కారు. ఇది చూసిన మేరీ షార్లీబ్, ఒక బారిస్టరు భార్య, 1875లో మరి ముగ్గురు స్త్రీలతో కలిసి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. లండన్ వెళ్లి పై చదువు ముగించి తిరిగివచ్చింది. 1885లో గోషా స్త్రీల కోసం ఆసుపత్రి మొదలైంది. ఈనాటికీ తిరువల్లిక్కేణిలో గోషా ఆసుపత్రి అంటే ఆటోవాడు తీసుకుపోతాడు, ఇప్పటి పేరు కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. ఆడ డాక్టరు ఎదురుగా కూర్చుంటేనే కొన్ని మాటలు నోటికి వస్తాయి.

1948లో లాస్ ఏంజెలెస్ డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్, కాన్పు తర్వాత మూత్రం ఆగని స్త్రీలకు కండరాల వ్యాయామం గురించి వ్యాసం ప్రచురించాడు. ఆయన గొప్పతనం వ్యాయామం ఒక్కటే కాదు. ఎంత బిగిస్తున్నారో ముల్లు చూపించే పరికరం కూడా చేశాడు. చాలామంది ఆ కండరం అనుకుని పొట్టను బిగిస్తారు, అందుకని చూపించి నేర్పాలి. మలం ఆపుకోలేనివారికీ ఇలా చూపించి నేర్పే పద్ధతి పనిచేస్తుందని 1974లో అమెరికా డాక్టర్లు ప్రకటించారు. దాని పేరు బయోఫీడ్‌బ్యాక్.

అదే 1974లో కేథరీన్, రెజినాల్డ్ హామ్లిన్ దంపతులు ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఫిస్టులా ఆసుపత్రి తెరిచారు. వారి దగ్గరకు రోగిగా వచ్చిన మామితు గాషే, బడి ముఖం చూడని పల్లెటూరి స్త్రీ, వారి దగ్గరే పని నేర్చుకుని తానే సర్జన్ అయింది.

అన్నిటికన్నా మమ్మల్ని ఆపి ఆలోచింపజేసింది 1993 నాటి లండన్ పరిశోధన. అబ్దుల్ సుల్తాన్ బృందం కాన్పుకు ముందు, ఆరు వారాల తర్వాత మలద్వారం లోపల స్కాన్ చేసి చూసింది. మొదటి కాన్పు అయిన 79 మందిలో 28 మందికి వలయం చిరిగి ఉంది. వారిలో చాలామందికి అప్పటికి ఏ బాధా తెలియలేదు. ఫోర్సెప్స్ వేసిన పదిమందిలో ఎనిమిది మందికి చిరిగింది. మన తమిళనాడులో "ఆయుధం వేసి తీశారు" అంటారే, అదే. కాబట్టి పాతికేళ్ల కిందటి కాన్పు దెబ్బ అరవైలో బయటపడితే అది వయసు దోషం మాత్రమే అనుకోకూడదు.

ఈనాడు దారి ఉంది. డాక్టరు ముందు కాన్పుల వివరం అడుగుతారు, వేలితో పరీక్షిస్తారు, అవసరమైతే స్కాన్, బిగువు కొలిచే పరీక్ష చేస్తారు. వైద్యం చిన్నవాటితో మొదలు: తిండిలో మార్పు, మలబద్ధకానికో విరేచనాలకో మందు, ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామం కొన్ని నెలలు. గర్భసంచి జారితే లోపల పెట్టే రింగు ఉంది. తగ్గకపోతే చిరిగిన వలయానికి కుట్టు, నడుము నరానికి సన్నని కరెంటు ఇచ్చే పరికరం, ఆపరేషన్. మలంలో రక్తం పడినా, ఉన్నట్టుండి అలవాటు మారినా ఆగకుండా డాక్టరు దగ్గరకు పోవాలి.

మగవాళ్లకు ఒక మాట. అమ్మనో, ఇల్లాలినో నేరుగా అడగడానికి నోరు రాకపోతే, ఇది చదివి వినిపించండి. కోడళ్లు, కూతుళ్లు అయితే అడగగలరు. "అత్తమ్మా, బయటికి పోవడానికి ఏమన్నా ఇబ్బందిగా ఉందా?" అన్న ఒక్క మాట చాలు. మిగతాది ఆమే చెబుతుంది.