పుట్టుమచ్చ - మచ్చ

చర్మంపై చుట్టుపక్కల భాగానికి భిన్నమైన రంగులో కనిపించే గుర్తును మచ్చ అంటారు. పుట్టుమచ్చ అనేది మచ్చలలో ఒక రకము. పుట్టుమచ్చలన్నీ మచ్చలే గాని, మచ్చలన్నీ పుట్టుమచ్చలు కావు. ఈ తేడాను గమనించకపోవటం వలన కొన్ని వ్యాధులకు చికిత్స ఆలస్యమయ్యే ప్రమాదం కలదు.

పుట్టుమచ్చ

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు ఒకేచోట గుంపుగా చేరినపుడు పుట్టుమచ్చ ఏర్పడుతుంది. ఇది సాధారణంగా గోధుమ లేదా నలుపు రంగులో, గుండ్రంగా, చిన్నదిగా ఉంటుంది. సంస్కృతంలో దీనిని తిలకాలకము అంటారు. తిల అనగా నువ్వు. పేరులో 'పుట్టు' అని ఉన్నప్పటికీ, ఎక్కువ పుట్టుమచ్చలు పుట్టిన తరువాత, బాల్యంలోను యౌవనంలోను ఏర్పడుతాయి. ఇవి ఏళ్ళ తరబడి పెద్దగా మారకుండా నిలిచి ఉంటాయి కాబట్టి, పదవ తరగతి ధ్రువపత్రాలలో గుర్తింపు చిహ్నాలుగా నమోదు చేస్తారు. పుట్టుమచ్చల స్థానాన్ని బట్టి అదృష్టాన్ని చెప్పటానికి శాస్త్రీయమైన ఆధారం లేదు.

మచ్చ

మచ్చ అనే పదానికి అర్థవిస్తృతి ఎక్కువ. గాయం మానిన మచ్చ, కాలిన మచ్చ, మొటిమల మచ్చ, ముఖంపై వచ్చే మంగు మచ్చ, శిలీంధ్రం వలన కలిగే శోభి మచ్చ మొదలైనవన్నీ ఇందులోకి వస్తాయి. నింద అనే అర్థంలో కూడా ఈ పదాన్ని వాడుతారు. ఉదాహరణకు, 'మచ్చలేని మనిషి'.

గమనించవలసిన విషయాలు

పాలిపోయిన లేదా ఎర్రని మచ్చపై స్పర్శ తగ్గినట్లయితే అది కుష్ఠువ్యాధి లక్షణం కావచ్చును. సాధారణంగా ఈ మచ్చకు నొప్పి, దురద ఉండవు. అందువలన చాలామంది దీనిని పుట్టుమచ్చగా భావించి ఉపేక్షిస్తారు. ఈ వ్యాధికి కారణమైన బాక్టీరియాను 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన బహుళ ఔషధ చికిత్సతో, సాధారణంగా 6 నుండి 12 నెలలలో వ్యాధి నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ మందులు ఉచితం. ఆలస్యమైతే నరాలు దెబ్బతిని, అంగవైకల్యం శాశ్వతంగా మిగిలిపోవచ్చును.

పుట్టుమచ్చ పెరగటం, అంచులు వంకరలు పోవటం, రంగు మారటం, రక్తం కారటం, 6 మిల్లీమీటర్లకు మించటం మెలనోమా అనే చర్మపు కాన్సర్‌కు సూచనలు కావచ్చును. అరికాలిలోను, గోటి క్రిందను కొత్తగా ఏర్పడి పెరిగే నల్లమచ్చను కూడా వైద్యునికి చూపించాలి.