లెక్కకందని నడుములు: నెల్లూరు మెట్టలో ఫ్లోరిన్ జబ్బు చరిత్ర

నెల్లూరు జిల్లా అనగానే మన రచయితల కళ్ళముందు కదిలేది పెన్న డెల్టా. మొలగొలుకుల వరి, బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోపులు, చేపల పడవలు. జిల్లాను గురించి రాసిన వాళ్ళలో చాలామంది ఈ తీరం నుంచీ, ఈ కాలువ గట్ల నుంచీ వచ్చినవాళ్ళు కావడం వల్ల ఇది సహజమే కావచ్చు. కానీ పాత నెల్లూరు జిల్లాకు పడమటి వైపున ఇంకో సగం ఉండేది. పొదిలి, దర్శి, కనిగిరి, ఉదయగిరి. రాతినేల, జొన్న చేలు, మోట బావులు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి అందులోకి పోయాయి. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పేరు వచ్చింది. అంతకు ముందే, 1930లలో, ఆ నేల మీద జరిగిన ఒక సంఘటన ప్రపంచ వైద్య చరిత్రలోకి ఎక్కింది. మన సాహిత్య చరిత్రలోకి మాత్రం ఎక్కలేదు.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసర్చ్‌లో ఒక వ్యాసం అచ్చయింది. మద్రాసు రాజధానిలో ఫ్లోరిన్ వల్ల వచ్చే స్థానిక వ్యాధి దాని విషయం. రాసినవారు షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. తరువాతి కాలంలో కాలా అజార్, మలేరియా పరిశోధనలతో ప్రసిద్ధికెక్కినవాడు. బార్నార్డ్ మద్రాసులో ఎక్స్‌రే వైద్యానికి పునాది వేసినవాడు. అక్కడి రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. వీళ్ళు చూసిన రోగులు నెల్లూరు జిల్లా వాళ్ళు. వెన్నెముక వెదురుబొంగులా బిగిసిపోయింది. మెడ తిరగదు, నడుము వంగదు. ఎక్స్‌రేలో ఎముకలు సున్నం కొట్టినంత తెల్లగా, దట్టంగా కనిపించాయి. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కడం వల్ల కొందరికి కాళ్ళు చచ్చుబడ్డాయి. కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్. భారతదేశంలో మనుషుల ఎముకల్లో ఈ జబ్బును మొదట వర్ణించింది ఈ వ్యాసమే.

ఇక్కడ అంతర్జాతీయ సందర్భాన్ని గుర్తుచేసుకోవాలి. 1931లో అమెరికాలో పళ్ళ మీద మచ్చలకు నీటిలోని ఫ్లోరైడ్ కారణమని తేలింది. 1932లో కోపెన్‌హేగన్‌లో క్రయోలైట్ ఖనిజం దంచే కార్మికుల ఎముకలు ఇలాగే గట్టిపడ్డాయని డెన్మార్కు వైద్యులు గుర్తించారు. రోహోల్మ్ అనే వైద్యుడు ఆ కార్మికుల మీద రాసిన పెద్ద గ్రంథం కూడా 1937లోనే వెలువడింది. అంటే ఒకే ఏడాది ఒకే విషం రెండు చోట్ల నమోదైంది. అక్కడ ఫ్యాక్టరీ దుమ్ములో, ఇక్కడ చేద బావిలో. అక్కడి మనిషికి యజమాని ఉన్నాడు, తేదీ వేసిన హాజరు పట్టీ ఉంది. ఎన్నేళ్ళు పనిచేస్తే ఎముక ఎంత గట్టిపడిందో లెక్క కట్టవచ్చు. ఇక్కడి మనిషికి బావి తప్ప మరే దస్తావేజూ లేదు.

మన వైపు ఈ జబ్బును మొదట కనిపెట్టింది డాక్టర్లు కారు, రైతులు. వాళ్ళు కనిపెట్టింది కూడా తమ ఒంట్లో కాదు, ఎద్దుల్లో. 1930ల మొదట్లోనే మెట్ట రైతులు తమ ఎద్దులు కాళ్ళు బిగిసి నడవలేకపోవడం గమనించారు. మద్రాసు రాజధానిలో పశువులకు వచ్చిన ఈ జబ్బు మీద 1935లో విశ్వనాథన్ నివేదిక వచ్చింది. నిజాం రాజ్యంలో పశువుల మీద మహాజన్ నివేదిక 1934లోనే వచ్చింది. మనుషుల మీద వ్యాసం ఆ తరువాతే. ఈ వరుస యాదృచ్ఛికమని నేను అనుకోను. ఒంగోలు, నెల్లూరు పశువులు సముద్రాలు దాటి పోయినవి. బ్రెజిల్‌లో ఇవాళ్టికీ ఒక జాతి పశువుల్ని నెలోరె అనే పిలుస్తారు. ఎద్దుకు సంతలో ధర ఉంది. అది కుంటితే ఎంత నష్టమో ఆ పూటే తెలుస్తుంది. నలభై ఏళ్ళకే నడుం వంగని కూలివాడి సంగతి? అది వయసు, వాతం, తలరాత. అతని నడుముకు సంత లేదు గనుక దాని నష్టం ఏ ఖాతాలోనూ పడలేదు. వలస పాలనలో ప్రజారోగ్యం ఎవరి కోసం నడిచిందో చెప్పడానికి ఈ రెండు మూడేళ్ళ తేడా కంటే మంచి సాక్ష్యం నాకు కనపడదు.

ఆసుపత్రి రిజిస్టరు ఈ జబ్బును ఎందుకు పట్టలేకపోయింది అన్నది నిలిచి ఆలోచించవలసిన ప్రశ్న. కలరా వస్తే ఒక్క వారంలో ఊరు ఖాళీ అవుతుంది, తిండి విషమైతే ఒక్క రాత్రిలో వార్డు నిండుతుంది. 2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ఏం జరిగిందో చూశాం. కొద్ది రోజుల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు, ఢిల్లీ ఎయిమ్స్ రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నది, పురుగుమందుల మాట వచ్చింది, నీళ్ళూ పాలూ కూరగాయలూ సీసాల్లోకెక్కి పరీక్షలకు పోయాయి. గుంపుగా వచ్చిన జబ్బుకు గుంపుగా లెక్క దొరుకుతుంది. ఫ్లోరిన్ జబ్బుకు గుంపు లేదు, రాత్రి లేదు. పది ఇరవై ఏళ్ళు తాగిన నీళ్ళు ఒక్కొక్కరిని ఒక్కొక్కప్పుడు కూలదోస్తాయి. నడవగలిగినన్నాళ్ళు మనిషి కూలికి పోతాడు గాని ఆసుపత్రికి పోడు. నడవలేనప్పుడు పోలేడు. పోయినా ముదిరిన జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. వెన్నుపాము మీద ఒత్తిడి తీసే ఆపరేషన్ ఏ కొద్దిమందికో. మందు లేని చోట క్యూ ఉండదు, వెయిటింగ్ లిస్టు ఉండదు. ఆసుపత్రి ముందు ఎంతమంది నిలబడ్డారన్నదాన్ని బట్టి రోగాన్ని కొలిచే పరిపాలనకు, నిలబడలేని వాళ్ళ రోగం కనిపించకపోవడంలో వింతేముంది?

మరి లెక్క ఎక్కడ ఉంది? పిల్లల నోట్లో ఉంది. పంటి మీది పింగాణీ పొర ఏర్పడేది పసితనంలో, ఎనిమిదేళ్ళ లోపు. ఆ కాలంలో తాగిన నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే తెల్లని సుద్ద మచ్చలు, ఇంకా ఎక్కువైతే గోధుమరంగు చారలు, గుంటలు పడతాయి. తరువాత ఎంత మంచి నీళ్ళు తాగినా అవి పోవు. పెద్దయ్యాక వలస వచ్చినవాడి పళ్ళకు అవి రావు, వాడి ఎముక మాత్రం తప్పించుకోదు. అందుచేత బడిపిల్లల పళ్ళు ఒక ఊరి బావి చరిత్రను తేదీలతో సహా చెప్పే దస్తావేజు. అమెరికాలో డీన్ అనే దంతవైద్యుడు 1934లో ఈ మచ్చలను తరగతులుగా విభజించాడు. దాన్నే 1942లో సవరించాడు. అద్దం, వెలుతురు, ఒక కాగితం ఉంటే చాలు. మెట్ట పల్లెల నుంచి తీరానికి చదువుకు వచ్చిన పిల్లల్ని నేను పాఠం చెబుతూ చూశాను. పద్యం అప్పజెప్పమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అప్పజెబుతారు. తోటి పిల్లలు గారపళ్ళని ఎగతాళి చేస్తారు. తోముకోకపోవడం వల్ల వచ్చిందని టీచర్లు కూడా మందలిస్తారు.

ఈ తీరంలో ఇసుకలో దొరువు తవ్వుకొని తాగే పల్లెల్లో నీటి చెడు నాలుకకు తెలుస్తుంది. ఎండాకాలం ఉప్పు తేలితే ఆడవాళ్ళు బిందె మరో దొరువుకు తీసుకుపోతారు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. కాచినా పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కనవుతుంది. ఒక లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. నల్లరాతి పొరల్లోంచి, సున్నం తక్కువై సోడా ఎక్కువైన నీళ్ళలోకి అది సులభంగా కరుగుతుంది. వాన నీరు నిలిచే చెరువులో తక్కువ, రాతిలోకి దిగిన బావిలో ఎక్కువ. కరువు వచ్చి చెరువు ఎండితే ఊరు లోతుకు పోతుంది, లోతుకు పోయిన కొద్దీ విషం.

తరువాతి అంకం ఇంకా చేదైనది. 1960ల చివర నుంచి పల్లెలకు బోరింగులు వచ్చాయి. కలరా, విరేచనాల నుంచి కాపాడే రక్షిత నీరని వాటిని వేశారు. క్రిముల మాట నిజమే, ఎందరో పసిపిల్లలు బతికారు. కానీ రికార్డులో బోరింగు పడ్డ ఊరు నీళ్ళున్న ఊరు అయిపోయింది. లెక్కపెట్టింది పంపును, దానిలోంచి వచ్చే నీటిని కాదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో నల్గొండ ప్రాంతపు కుర్రవాళ్ళలో మోకాళ్ళు లోపలికి వంగి కొట్టుకునే కొత్త వైకల్యాన్ని వర్ణించారు. పాతకాలపు ఫ్లోరిన్ జబ్బులో ఎముక గట్టిపడేది, ఇందులో కాళ్ళ ఎముక పలచబడి వంగింది. బాధితులు ఎక్కువగా జొన్న తినే పేదలు. జొన్నన్నం తినేవారి ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతుందని ఆ తరువాత ప్రయోగాలు చూపాయి. నాగార్జునసాగర్ ఊటనీటితో నేల గుణం మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగి, ఒంట్లో రాగి తగ్గడం కూడా ఒక కారణం కావచ్చని ఆ శాస్త్రజ్ఞులు ఊహించారు. పాలు, పెరుగు తాగే ఇంట్లో కాల్షియం కొంత కాపు కాస్తుంది. ఒకే బావి నీళ్ళు తాగినా ఆసామి నడుము, పాలేరు నడుము ఒకేలా బిగియవు. వర్గం అనే మాటను వ్యాసాల్లో విరివిగా వాడే మనం, అది ఎముకలోకి ఎలా దిగుతుందో ఒక్కసారి ఈ పత్రాల్లో చదవడం మంచిది.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని 1970లలో నీరీ సంస్థ రూపొందించింది. చవక, తేలిక అన్నారు. కాగితం మీద తేలికే. ప్రతిరోజూ కొలత ప్రకారం కలిపి, తేరనిచ్చి, మడ్డి పారబోయడం కూలికి పోయే ఆడమనిషి నెత్తిన పడిన మరో పని అని ఎవరికీ తట్టలేదు. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. వారిలో అత్యధికులు నీళ్ళ గోడు చెప్పడానికే నామినేషన్ వేసినవాళ్ళు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత కావడంతో పోలింగునే వాయిదా వేయవలసి వచ్చింది. అరవై ఏళ్ళుగా ఏ రిజిస్టరులోనూ జాగా దొరకని జబ్బు తన జాబితాను తానే రాసి ఎన్నికల సంఘం చేత అచ్చు వేయించుకుంది. మన ప్రాంతపు నిరసన చరిత్రలో ఇంత పదునైన వ్యంగ్యం మరొకటి నేనెరుగను. దాన్ని రాసింది రచయితలు కాకపోవడం కొంచెం సిగ్గుపడవలసిన విషయమే.

మన కవిత్వంలో విషం లేదా? కావలసినంత ఉంది. అది వ్యవస్థకు ఉపమానంగా ఉంది, పెట్టుబడికి ప్రతీకగా ఉంది. పొదిలి చేద బావిలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములన్న విషం మాత్రం ఉపమానానికి లొంగదు. కరువు మీద రాసినప్పుడు మనం ఎండిన బావినే చూశాం. నిండుగా ఉన్న బావి చేసే హాని మన ఊహకు అందలేదు. ఈ జబ్బు మీద కథ రాయదలచిన యువ రచయిత ముందుగా చేయవలసింది ఆవేశపడడం కాదు, ఒక ఊళ్ళో ఏ బావి ఏ ఏడు తవ్వారో, అప్పుడు పుట్టిన పిల్లలెవరో అడిగి రాసుకోవడం.

2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి తొలి విడతలో ఆరు రాష్ట్రాల నుంచి ఆరు జిల్లాలను తీసుకుంది. వాటిలో నెల్లూరు ఒకటి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పటికి ఈ జిల్లాలో లేవు. ఉదయగిరి, వరికుంటపాడు మెట్ట ఉంది. బడిపిల్లల పళ్ళు చూడడం, మూత్రంలో, నీటిలో ఫ్లోరైడ్ కొలవడం ఈ కార్యక్రమంలో ముఖ్యమైన పనులు. షార్ట్ వ్యాసం వచ్చిన డెబ్భై ఏళ్ళకు పంటి మచ్చకు సర్కారు కాగితంలో ఒక గడి దొరికింది. ఆ గడి నిండేది బడికి వచ్చిన పిల్లలతో. తల్లిదండ్రుల వెంట ఇటుక బట్టీలకు పోయిన పిల్ల సర్వే రోజున హాజరు పట్టీలో గైర్హాజరు.