అడ్డపొగ - అంగిలిపుండు

రోగమునకు ఊరును పేరును లేవని మనము తరచుగా అనుకొందుము. వైద్యచరిత్రను తిరుగవేసినచో, కొన్ని రోగములకు ఊరును కలదని తెలియును. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు అట్టిది.

1775లో లండనునందు పెర్సివల్ పాట్ అను శస్త్రవైద్యుడు, పొగగొట్టములను ఊడ్చు పనివారికి కలుగు ఒక పుండునకు మసియే కారణమని గుర్తించెను. 1842లో ఇటలీయందు రిగోనీ స్టెర్న్ వెరోనా నగరపు మరణముల లెక్కలను పరిశీలించి, క్రైస్తవ సన్యాసినులలో గర్భాశయపు క్యాన్సరు అరుదనియు, రొమ్ము క్యాన్సరు హెచ్చనియు చూపెను. 1866లో ఎల్మ్‌స్లీ అను వైద్యుడు కాశ్మీరీలు చలికి ఒడిలో ఉంచుకొను కాంగిడీ అను నిప్పుకుంపటివలన పొట్టమీదను తొడలమీదను పుట్టు పుండును వర్ణించెను. పని, జీవనవిధానము, వాతావరణము: మూడుచోట్ల మూడు కారణములు.

ఇక మన కోస్తాకు వత్తము. నోటి క్యాన్సరు లోకమున బహుతావుల పురుషులకే హెచ్చు. విశాఖపట్నము, శ్రీకాకుళము తీరప్రాంతములలోనో, అంగిలి క్యాన్సరు స్త్రీలలో విశేషముగా కనబడెను. కారణము చుట్ట; అందును దానిని త్రాగు తీరు. నిప్పుకొనను నోటిలోపలికి పెట్టుకొని పీల్చుటను అచట అడ్డపొగ యందురు. గాలికి నిప్పు ఆరకుండుటకును, బూడిద పనిమీద రాలకుండుటకును ఈ అలవాటు పుట్టెనని చెప్పుదురు. పొగతోపాటు నిప్పువేడియు నిత్యము అంగిలికి తగులును.

1945లో బొంబాయి పరిశోధకులు ఖానోల్కర్, సూర్యాబాయి ఆచారములవలన కలుగు క్యాన్సర్లను గూర్చి ప్రకటించిన వ్యాసమున చుట్ట క్యాన్సరును పేర్కొనిరి. విశాఖపట్నపు వైద్యులును అంగిలి క్యాన్సరు ఆ ప్రాంతమున హెచ్చుగా నుండుటను ప్రకటించిరి. అయినను ఆసుపత్రి లెక్కలు ఆసుపత్రికి వచ్చినవారివి మాత్రమే. గడప దాటని ఇల్లాలి బాధ వానికెక్కదు. కావున పరిశోధకులే ఇంటింటికి వెళ్లిరి. 1971లో పిండ్‌బోర్గ్ మున్నగువారు ప్రకటించిన సర్వేలో 10,169 మంది గ్రామీణులను పరీక్షింపగా, నూటికి 40 మందికి పైగా అడ్డపొగ త్రాగువారని తేలెను. వారిలో స్త్రీలే మిక్కిలి.

లెక్కలతో పని ముగియలేదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగర్ జిల్లాలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారికి బోధచేసిన ప్రయత్నము యొక్క ఫలితములు 1986లో వెలువడెను. చెప్పినచో జనులు పొగాకు మానుదురనియు, మానినచోట క్యాన్సరుకు పూర్వరూపమగు తెల్లమచ్చలు తగ్గుననియు అవి చూపెను.

అడ్డపొగ నేడు తగ్గినది, నశింపలేదు. మన యిండ్లలో చుట్ట త్రాగు అవ్వ యుండినచో, ఆమెను పరిహసింపక, ఒకసారి నోరు తెరువుమని అడుగుదము. అంగిలిపై తెల్లమచ్చయో, మానని పుండో కనబడినచో జాగుచేయక వైద్యుని చూపింతము. ఊరి ఆచారము తెచ్చిన రోగమును ఊరివారే పోగొట్టవలెను.