దిద్దుబాటు గడువు

దిద్దుబాటు గడువు అనగా అంతర్జాల చర్చా సమూహాలలో ఒక సభ్యుడు తాను వ్రాసి పంపిన టపాను లేదా వ్యాఖ్యను తిరిగి మార్చుకొనడానికి ఉన్న పరిమిత కాలం. ఇది కొన్ని చోట్ల 5 నిమిషాలు, కొన్ని చోట్ల 15 నిమిషాలు, మరికొన్ని చోట్ల 48 గంటలు ఉంటుంది. గడువు ముగిసిన తరువాత మార్చే సౌకర్యం మూసుకుపోతుంది. అటుపై తప్పును సవరించదలచినవారు మరొక వ్యాఖ్య వ్రాసి ఆ సంగతి తెలుపవలసినదే. తన తప్పు దిద్దుకొనవలసిన రచయిత అవసరానికీ, ఆ మాటను నమ్మి జవాబిచ్చిన వారి హక్కుకూ మధ్య కుదిర్చిన రాజీగా ఈ గడువును చెప్పవచ్చును.

నేపథ్యం

అచ్చు పుస్తకంలో తప్పు దొర్లితే అమ్ముడుపోయిన ప్రతులను దిద్దడం సాధ్యం కాదు. అందువలన పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక చేర్చడం ఆచారమైనది. దినపత్రికలు తరువాతి సంచికలో సవరణ ప్రకటిస్తాయి. ఈ రెండు పద్ధతులలోనూ తప్పు, ఒప్పు రెండూ పాఠకునికి కనిపిస్తాయి.

తొలినాటి కంప్యూటరు చర్చలు కూడా ఈ తీరుననే సాగాయి. 1979లో అమెరికాలో రూపకల్పన జరిగి, 1980లో వాడుకలోనికి వచ్చిన యూజ్‌నెట్‌లో ఒక సందేశం పంపగానే దాని నకళ్ళు అనేక కంప్యూటర్లకు చేరేవి. పంపినవారు వాటిని దిద్దలేరు. రద్దు సందేశం పంపే వీలు ఉన్నప్పటికీ, ఇతరుల పేరుతో దొంగ రద్దు సందేశాలు పంపేవారు బయలుదేరడంతో అనేకమంది నిర్వాహకులు వాటిని పట్టించుకొనడం మానివేశారు. తెలుగువారు వాడిన సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే వార్తా సమూహం యూజ్‌నెట్‌లోనిదే. ఈ-మెయిలు ద్వారా నడిచే చర్చలలోనూ పంపిన లేఖను మార్చే మార్గం లేదు.

వెబ్ ఆధారిత చర్చా వేదికలు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. వీటిలో వ్యాఖ్య ఒకే చోట భద్రపరచబడి ఉంటుంది. అక్కడ మార్చితే చదివేవారందరికీ మారిన రూపమే కనిపిస్తుంది. పాత రూపం జాడ లేకుండా పోయే అవకాశం కూడా ఏర్పడింది. సౌకర్యంతో పాటు చిక్కులు మొదలైనది ఇక్కడే.

గడువు అవసరం

చర్చలో ఒక వ్యాఖ్య మరొక వ్యాఖ్యకు ఆధారంగా ఉంటుంది. ఉదాహరణకు ఒక సభ్యుడు "ఆంధ్ర మహాభారతమును రచించిన కవులు ఇద్దరు" అని వ్రాశాడనుకుందాం. రెండవ సభ్యుడు "కాదు, ముగ్గురు; నన్నయ, తిక్కన, ఎర్రన" అని జవాబిచ్చాడు. తరువాత మొదటివాడు తన వ్యాఖ్యలో "ఇద్దరు" అన్న మాటను చడీచప్పుడు లేకుండా "ముగ్గురు" అని మార్చివేస్తే, కొత్తగా చదివేవారికి రెండవ సభ్యుడు లేని తప్పును ఎంచినట్లు కనబడుతుంది. సరియైన మాట చెప్పినవాడే అపహాస్యం పాలవుతాడు. ఇక్కడ మొదటివాని ఉద్దేశం చెడ్డది కానవసరం లేదు. తప్పు దిద్దుకొనడమే అతని కోరిక కావచ్చు. అయినా నష్టపోయినది జవాబిచ్చిన వ్యక్తి.

ఉద్దేశపూర్వకంగా చేసే మార్పులు మరింత హాని చేస్తాయి. ఇతరుల మెప్పు పొందిన వ్యాఖ్యను తరువాత పూర్తిగా మార్చివేస్తే, ఆ మెప్పు కొత్త మాటకు దక్కినట్లు అవుతుంది. దూషణ చేసి, అవతలివారు కోపంతో జవాబిచ్చిన తరువాత ఆ దూషణను తొలగించే పద్ధతి కూడా ఉన్నది. పాత టపాలో తరువాత ప్రకటనల లంకెలు చేర్చడం మరొక మోసం.

తెలుగు వ్రాతలో ప్రాముఖ్యం

తెలుగును ఇంగ్లీషు అక్షరాల మీటలతో టైపు చేసేవారికి దిద్దుబాటు సౌకర్యం ఎక్కువ అవసరం. లిప్యంతరీకరణ పద్ధతులలో దీర్ఘం రావడానికి సాధారణంగా ఒక అక్షరాన్ని రెండుసార్లు నొక్కాలి. ఒకసారి తక్కువ నొక్కితే "అంగీకరించారు" అన్నది "అంగీకరించరు" అవుతుంది. జరిగిపోయిన అంగీకారం కాస్తా జరగబోని అంగీకారంగా మారుతుంది. ఇటువంటి తప్పులను అక్షరక్రమ పరీక్ష పట్టుకొనలేదు, ఎందుకనగా రెండూ సరియైన మాటలే. పంపిన తరువాత ఒకసారి చదువుకొన్నప్పుడు మాత్రమే అవి కంటబడతాయి. కొద్ది నిమిషాల గడువు ప్రధానంగా ఇటువంటి పొరపాట్లకే ఉద్దేశించబడినది.

వివిధ విధానాలు

* స్టాక్ ఓవర్‌ఫ్లో: 2008లో మొదలైన ఈ ప్రశ్నోత్తరాల వేదికలో వ్యాఖ్యను 5 నిమిషాల లోపు మాత్రమే మార్చవచ్చును. ప్రశ్నలకు, జవాబులకు గడువు లేదు కానీ వాటి మార్పుల చరిత్ర అందరికీ కనిపిస్తుంది.
* రెడిట్: టపా పాఠాన్ని ఎప్పుడైనా మార్చవచ్చును, శీర్షికను మార్చే వీలు లేదు. మొదటి 3 నిమిషాల తరువాత మార్చిన వ్యాఖ్యకు మార్చినట్లు గుర్తు పడుతుంది.
* టెలిగ్రామ్: సాధారణ సంభాషణలలో 48 గంటల లోపు మార్చవచ్చును.
* ఐమెసేజ్: 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుండి 15 నిమిషాల లోపు 5 సార్ల వరకు మార్చవచ్చును. పాత రూపాలను ఎదుటివారు చూడగలరు.
* ట్విట్టర్ (ఎక్స్): 2022లో రుసుము చెల్లించే చందాదారులకు 30 నిమిషాల గడువుతో ఈ సౌకర్యం ప్రవేశపెట్టబడినది. 2023లో గడువును 1 గంటకు పెంచారు. పాత రూపాలు కనిపిస్తాయి.
* వాట్సాప్: 2023 మే నుండి 15 నిమిషాల లోపు మార్చవచ్చును. మార్చినట్లు గుర్తు కనిపిస్తుంది, పాత రూపం కనిపించదు. అందరి వద్ద నుండి సందేశాన్ని తొలగించే గడువు 2017లో 7 నిమిషాలు ఉండగా, 2022 నాటికి 2 రోజులకు పైగా పెరిగింది.

పీహెచ్‌పీబీబీ వంటి చర్చా వేదికల సాఫ్ట్‌వేరులో గడువును నిమిషాలలో నిర్ణయించే అధికారం నిర్వాహకునికి ఉంటుంది. అక్కడ సున్న అని వ్రాస్తే గడువు లేదని అర్థం.

గడువుకు ప్రత్యామ్నాయాలు

గడువు లేకుండానే చర్చ విశ్వసనీయతను కాపాడవచ్చునని వికీపీడియా అనుభవం చూపుతున్నది. అందులో చాలా పేజీలను ఎప్పుడైనా మార్చవచ్చును, కానీ ప్రతి మార్పు, చేసినవారి పేరు, తేదీ, సమయం పేజీ చరిత్రలో నిలిచి ఉంటాయి. అయినప్పటికీ చర్చా పేజీలలో ఇతరులు జవాబిచ్చిన తరువాత తమ పాత మాటను చెరిపివేయరాదని ఆంగ్ల వికీపీడియా మార్గదర్శకాలు సూచిస్తాయి. తప్పు మాటను కొట్టివేసినట్లు గీత గీసి, దాని ప్రక్కన ఒప్పును చేర్చాలి. ఇది పాత తప్పొప్పుల పట్టికకు కొత్త రూపమే.

విమర్శలు

గడువు గడియారాన్ని చూస్తుంది గానీ జవాబును చూడదు అన్నది ప్రధాన విమర్శ. ఒక వ్యాఖ్యకు అర నిమిషంలోనే జవాబు రావచ్చును. అప్పుడు 15 నిమిషాల గడువు కూడా జవాబిచ్చిన వారిని కాపాడదు. మరొక వ్యాఖ్యకు సంవత్సరం గడచినా జవాబు రాకపోవచ్చును. దానిని దిద్దితే నష్టపోయేవారు లేకపోయినా గడువు అడ్డుపడుతుంది.

గడువు తప్పును కూడా శాశ్వతం చేస్తుంది. మందు మోతాదు 5 మిల్లీలీటర్లకు బదులు 50 అని పొరపాటున వ్రాసిన వ్యాఖ్య దిద్దబడకుండా ఉండిపోతే, క్రింద ఎక్కడో ఉన్న సవరణను చూడనివారికి ప్రమాదం. తన ఫోను నంబరునో, ఇంటి చిరునామానో తొందరపడి వ్రాసినవారికీ ఇదే ఇబ్బంది. ఇటువంటి సందర్భాలలో నిర్వాహకులను కోరడమే మార్గం. వ్యక్తిగత సమాచారాన్ని సరిదిద్దించుకొనే, తొలగింపజేసుకొనే హక్కులు ఐరోపా సమాఖ్యలో 2018లో అమలులోనికి వచ్చిన నిబంధనలలోనూ, భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ ఉన్నాయి.

పాటించదగిన మర్యాదలు

* పంపే ముందు ఒకసారి, పంపిన వెంటనే మరొకసారి చదువుకొనాలి.
* జవాబు వచ్చిన తరువాత అచ్చుతప్పులను మాత్రమే దిద్దాలి. అర్థం మారే మార్పు చేస్తే ఏమి మార్చినదీ చివర తెలుపాలి.
* ఎవరైనా తప్పు చూపితే, దిద్దిన చోట వారి పేరు పేర్కొనాలి.
* ముఖ్యమైన మాటకు జవాబిచ్చేటప్పుడు ఆ వాక్యాన్ని ఉదాహరించి వ్రాయాలి. అసలు వ్యాఖ్య తరువాత మారినా జవాబుకు ఆధారం నిలిచి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* యూజ్‌నెట్
* లిప్యంతరీకరణ
* తప్పొప్పుల పట్టిక