కదలని ముల్లు

1812 జులైలో లండన్‌లో ఒక ఇరవయ్యేళ్ల కుర్రాడు తన స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అర పెన్నీ నాణెం సైజులో ఏడు జింకు బిళ్ళలు కత్తిరించి, వాటికి ఏడు రాగి అర పెన్నీలు జతచేసి, మధ్యలో ఉప్పునీళ్ళలో తడిపిన కాగితం ముక్కలు పెట్టి బ్యాటరీ చేశానన్నది అందులో సంగతి. ఇదంతా స్వయంగా తనే చేశానని ఒకటికి రెండుసార్లు నొక్కి మరీ చెప్పుకున్నాడు. విరేచనాలకు వాడే ఎప్సమ్ సాల్ట్ ద్రావణంలో ఆ బ్యాటరీ తీగలు ముంచితే బుడగలు లేచాయి. కుర్రాడి పేరు మైకేల్ ఫారడే. కమ్మరి కొడుకు. పుస్తకాల బైండింగు షాపులో పని నేర్చుకుంటున్నాడు.

ఫారడే కథని మనకి మామూలుగా పేదరికంలోంచి పైకొచ్చిన మేధావి కథగా చెప్తారు. అది నిజమే గానీ, అంతకన్నా విలువైనది ఇంకోటి ఉంది. చదివినదాన్ని అతను ఊరికే ఒప్పుకోలేదు. బైండింగుకి వచ్చిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు మీద వ్యాసం చదివి, గాజు సీసాతో స్థిర విద్యుత్తు పుట్టించే యంత్రం చేసుకున్నాడు. అలా చదివిన ఇంకో పుస్తకం, 1806లో రచయిత పేరు లేకుండా వచ్చిన కెమిస్ట్రీ సంభాషణలు. ఒక టీచరమ్మా, ఇద్దరు ఆడపిల్లలూ మాట్లాడుకుంటున్నట్టు సాగే పుస్తకం అది. రాసింది జేన్ మార్సెట్. అందులోని విషయాలను తన చిన్న చిన్న ప్రయోగాలతో సరిచూసుకున్నాననీ, అవి నిజమని తేలాకే ఆ పుస్తకం మీద గురి కుదిరిందనీ ఫారడే 1858లో, ఆమె పోయాక, ఒక ఉత్తరంలో గుర్తు చేసుకున్నాడు. కాలేజీ గడప తొక్కని కుర్రాడికి, కాలేజీల్లోకి రానివ్వని ఆడవాళ్ళ కోసం రాసిన పుస్తకం దారి చూపించిందన్నమాట.

1820లో కోపెన్‌హాగన్‌లో ఆయిర్‌స్టెడ్ ఒక తీగలో కరెంటు పంపితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. కరెంటు వల్ల అయస్కాంతత్వం వస్తుందని తేలింది. మరి అయస్కాంతం వల్ల కరెంటు వస్తుందా? యూరప్ అంతా ఇదే వెతుకులాట. 1825లో జెనీవాలో కొలడాన్ అనే ఆయన తీగచుట్టలోకి పెద్ద అయస్కాంతం దూర్చి చూశాడు. అయస్కాంతం ప్రభావం కొలిచే పరికరం మీద పడకూడదని, దాన్ని తీసుకెళ్ళి వేరే గదిలో పెట్టాడు. అయస్కాంతం పెట్టి, నడుచుకుంటూ ఆ గదికి వెళ్ళేసరికి ముల్లు ఎప్పటిలాగే నిలబడి ఉంది. కదిలి, వెనక్కి వచ్చేసిందన్న సంగతి ఆయనకి తెలిసే వీల్లేదు.

అదే ఏడు ఫారడేకి కూడా ఏమీ దొరకలేదు. ఫలితం లేదని డైరీలో రాసుకున్నాడు. అందరూ నిలకడగా పారే కరెంటు కోసమే చూస్తున్నారు. 1831 ఆగస్టు 29న ఇనుప రింగుకి రెండు వైపులా తీగలు చుట్టి, ఒకదాన్ని బ్యాటరీకి తగిలించినప్పుడూ, తీసినప్పుడూ మాత్రమే రెండో వైపు ముల్లు ఉలిక్కిపడటం గమనించాడు. అక్టోబర్ 17న దండాయస్కాంతాన్ని తీగచుట్టలోకి తోశాడు, ముల్లు కదిలింది. బయటికి లాగితే రెండో దిక్కుకి కదిలింది. లోపల కదలకుండా ఉంచితే ఏమీ లేదు. కరెంటు పుట్టించేది అయస్కాంతం ఉండటం కాదు, కదలటం. ఇవాళ మన ఇళ్ళకి కరెంటు పంపే జనరేటర్ల వెనకున్న సూత్రం ఇదే.

ఇందులో ఇప్పుడు హైస్కూల్లో చెయ్యలేని ప్రయోగం ఒక్కటీ లేదు. కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద అయస్కాంతం పెట్టి పిల్లలకి చూపించే ఆటనే ఫారడే ఏళ్ళ తరబడి సీరియస్‌గా తీసుకున్నాడు. ఆ గీతల్లోంచే బలరేఖల ఆలోచన వచ్చింది. లెక్కలు పెద్దగా రాని మనిషి చూసినదాన్ని, 1850ల నుంచి మాక్స్‌వెల్ సమీకరణాల్లోకి మార్చుకుంటూ వచ్చాడు.

మరి మన దగ్గర? ఇంటర్ ప్రాక్టికల్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రికార్డు. సీనియర్ రికార్డులోంచి ఎక్కించిన రీడింగులు, ముందే తెలిసిన జవాబు నుంచి వెనక్కి లెక్కేసి గీసిన గ్రాఫు. ముల్లు కదలకపోతే అది స్టూడెంటు తప్పు; దాన్ని సర్దేసి మార్కులు తెచ్చుకోవాలి. ఆ లెక్కన 1825 నాటి ఫారడే డైరీ పేజీ ఫెయిలైన రికార్డే. కానీ ఆ పేజీ చింపెయ్యకుండా ఉంచుకోబట్టే, ఆరేళ్ళ తర్వాత ఒక్క క్షణం కదిలి ఆగిన ముల్లుని అతను పొరపాటని కొట్టిపారెయ్యలేదు.

రాగి తీగ, అయస్కాంతం, దిక్సూచి, ఇవేవీ ఖరీదైనవి కావు. మన స్కూళ్ళలో దొరకనిదల్లా, ముల్లు కదలలేదని రికార్డులో నిజాయితీగా రాసి, ఎందుకు కదలలేదని అడగడానికి ఒక పీరియడ్.